పచ్చి కుండ మీద

గురువారం మధ్యాహ్నం జగదీశ్వర్ అమ్మవారి మాటను లామినేషన్ చేయించి సక్కుబాయి ఇంటికి తెచ్చాడు.

చేయించడంలో లోటేమీ చేయలేదు. మందపాటి ప్లాస్టిక్కు, గుండ్రంగా కత్తిరించిన మూలలు, పైన అమ్మవారి బొమ్మ, కింద నాలుగు వరుసల పెద్ద అక్షరాలు. చెమట తగిలినా, పసుపు నీళ్లు పడ్డా చెడిపోకూడదని ముందుచూపు. ఛత్రినాకలో ఫ్లెక్సీల దుకాణం నడిపేవాడు, బస్తీ పోచమ్మ గుడి బోనాల కమిటీకి అధ్యక్షుడు, వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ టికెట్టు తనదేనని ఎవరూ అడగకముందే అందరికీ చెప్పేవాడు, ఆ మాత్రం జాగ్రత్త పడడా మరి.

సక్కుబాయి అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గడప మీద కూర్చుని చీపురు బిగిస్తోంది. వీధులూడ్చే పొడుగు చీపురు పొద్దున ఎంత గట్టిగా బయలుదేరినా మధ్యాహ్నానికి వదులైపోతుంది. పాత సైకిల్ ట్యూబును సన్నగా చీల్చి, నాలుగు చుట్లు తిప్పి, చివర పంటితో లాగి ముడేస్తేనే మర్నాటికి ఆగుతుంది. ఆమె ట్యూబు కొసను పళ్ల మధ్య పట్టుకునే అతని వైపు చూసింది.

"అక్కా, సోమవారం రంగంల అమ్మ చెప్పాల్సిన మాటలు," అన్నాడు జగదీశ్వర్ ఆ ప్లాస్టిక్ ముక్కను చాప మీద పెడుతూ. "జర చూసుకో."

ఆమె ముడి వేయడం పూర్తి చేసింది. "అమ్మ చెప్పాల్సినయి నువ్వు రాసుకొచ్చినవా తమ్మీ?"

"అట్లంటవేంది? వానలు, పంటలు, రోగాలు, అన్నీ నీ ఇష్టం. ఏటేట చెప్పినట్టే చెప్పు. యుద్ధం ముచ్చట అడిగినప్పుడు మాత్రం గీ నాలుగు ముక్కలు అను. ఈసారి టీవీవాళ్లు వస్తున్నరు."

ఏటా బోనాల ఆదివారం మర్నాడు ఆ గుడి ముందు రంగం జరుగుతుంది. కాల్చని పచ్చి కుండ మీద ఒక ఆడమనిషి నిలబడి, అమ్మవారి మాటగా ఆ ఏడాది ఎట్లా ఉంటుందో చెబుతుంది. గట్టిగా నొక్కితే పగిలే కుండ ఆ పూట నిండు మనిషి బరువు మోస్తుంది. సక్కుబాయి అవ్వ నిలబడింది, తరువాత తల్లి నిలబడింది, పందొమ్మిదేళ్లుగా సక్కుబాయి నిలబడుతోంది. ఊడ్చే పనిలో ఆమెను ఎవరైనా పెట్టుకోవచ్చు, ఎవరైనా తీసేయవచ్చు. ఆ కుండ మీద చోటు మాత్రం తనదని ఆమె ధీమా. లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నది కూడా అదొక్కటే.

జగదీశ్వర్ తానే చదివి వినిపించాడు. "‘నా ఖడ్గం సరిహద్దు దాటుతది. వైశాఖంల సగం చేసి ఇడిసిన పని కార్తీకం లోపట పూర్తి చేయిస్త. పగోని ఊరు ఊరంత బూడిద చేస్త. నా బిడ్డలారా, సిద్ధంగుండుండ్రి.’ ఎట్లున్నది?"

"ఊరు ఊరంతనా?"

"మాట వరసకు అక్కా."

"ఊరన్నంక ముసలోళ్లుంటరు, బాలింతలుంటరు గద."

"నువ్వు వకీలు లెక్క అడుగుతున్నవు. ఏప్రిల్ల కొండల మీదికి చూసొద్దామని పోయినోళ్లను పేరడిగి చంపిండ్రు. గది యాదిలేదా నీకు?"

యాదిలేకపోవడమేమిటి. ఆ వార్త విన్న రోజు ఆమెకు ముద్ద దిగలేదు. బస్తీలో కొవ్వొత్తులు పట్టుకుని నడిచినవాళ్లలో ఆమె కూడా ఉంది. చంపినవాళ్ల చేతులు పడిపోవాలని నడిబజార్లో నిలబడి శాపనార్థాలు పెట్టింది. ఆ తరువాత మే నెలలో మన దేశమూ పక్క దేశమూ నాలుగు రోజులు క్షిపణులూ డ్రోన్లూ విసురుకుని, నాలుగో రోజు సాయంత్రం ఆపేశాయి. ఆపడం జగదీశ్వర్‌కు నచ్చలేదు. నచ్చకపోతే వెళ్లి తానే కొట్టుకోవచ్చు, ఎవరు వద్దన్నారు.

"అమ్మ ఏది పలికిస్తే అది పలుకుత," అంది సక్కుబాయి.

"అది సరే. కానీ కమిటీల ఒక మాట నడుస్తుంది అక్కా. భువనగిరి దిక్కు ఒకామె ఉన్నదట. మంచిగ పలుకుతదట, వయసు గూడ తక్కువ. నేనే వద్దన్న. మన సక్కుబాయక్క ఉండంగ బయటామె ఎందుకన్న." చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. "టీవీల మంచిగ కనవడాలె. కొత్త చీర కమిటీనే పంపిస్తది."

అతను సందు తిరిగేదాకా ఆమె చూసింది. నాలుగేళ్ల వయసులో ఇతను ఆమె చంకనెక్కి, ఆమె తల్లి చెప్పిన రంగం చూశాడు. ముక్కు కారుతుంటే కొంగుతో తుడిచింది. ఆ ముక్కు ఇవాళ తన నోట్లో మాటలు పెట్టేటంత పెద్దదైంది. ఒళ్లు మండిపోయింది ఆమెకు. ఆ ప్లాస్టిక్ ముక్కను తీసి బియ్యం డబ్బా కింద దూర్చింది.

కుండ మీద నిలబడ్డప్పుడు ఏమవుతుందో ఆమె ఎవరికీ చెప్పలేదు, సరిగ్గా చెప్పడం రాదు కూడా. ఒళ్లు తెలియకుండా పోతుందని జనం అనుకుంటారు. అట్లా ఏమీ కాదు. ఆమెకు అన్నీ తెలుస్తూనే ఉంటాయి, డప్పులూ, జనమూ, గాలికి ఊగే వేపమండలూ. ముందు పాదాలు చల్లబడతాయి. తరువాత ఎవరో అడుగుతారు, ఆలోచించకముందే నోట్లోంచి మాట వచ్చేస్తుంది. అంతే. తన సొంత మాట ఒక్కటంటే ఒక్కటి అందులో ఎన్నడూ కలపలేదు. భర్త మంచాన పడ్డ ఏడాది, మనిషి లేచి తిరుగుతాడని ఒక్క ముక్క చెప్పుకోవాలని నాలుక కొస దాకా వచ్చింది. పళ్లు కరిచి మింగేసింది.

శుక్రవారం పొద్దున హుస్సేనీ ఆలంలో మూడు గల్లీలు ఊడ్చి, నాలుగో గల్లీ మొదట్లో చీపురు గోడకానించింది. పచ్చ తలుపున్న ఇంట్లోంచి ఖుర్షీద్ బేగం బయటకు తొంగిచూసింది. అరవై దాటిన మనిషి. పదేళ్లుగా రోజూ ఈ వేళకు సక్కుబాయికి ఛాయ్ పోస్తుంది. ఇద్దరూ సగం దక్కనీ, సగం తెలుగూ కలిపి మాట్లాడుకుంటారు.

"ఆవో సక్కు, పీలో. చల్లగైతది."

సక్కుబాయి మెట్టు మీద కూర్చుని సాసర్లో ఒంపుకుంది. లోపల దలాను వసారాలో కిటికీ కింద జాడీ కనిపిస్తోంది. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. అది మామిడికాయ పచ్చడి. మెహరున్నీసా చేతిది.

మెహరున్నీసా ఖుర్షీద్ అక్క. యాభై ఏళ్ల కింద కరాచీకి కోడలుగా పోయింది. పందొమ్మిదేళ్ల తరువాత మొన్న ఏప్రిల్‌లో నలభై ఐదు రోజుల వీసా మీద చెల్లెల్ని చూసుకోవడానికి వచ్చింది. డెబ్భై ఒక్కేళ్ల మనిషికి ముందు పళ్లు రెండు లేవు, నవ్వితే చేయి అడ్డం పెట్టుకునేది. వచ్చిన మొదటి రోజే సక్కుబాయిని చూసి, ఈ గల్లీ ఇంత శుభ్రంగా తన చిన్నప్పుడు కూడా లేదని, ఛాయ్ తనే పోస్తానని పట్టుబట్టింది. పది రోజుల్లో తల్లి సమాధి దగ్గరికొకసారి, పత్తర్‌గట్టికి గుడ్డల కోసమొకసారి, అంతే ఆమె తిరిగింది.

పదకొండో రోజు పొద్దున అక్కచెల్లెళ్లిద్దరూ దలానులో కత్తిపీటలు వేసుకుని కాయలు కోస్తుండగా కానిస్టేబుల్ వచ్చాడు. కొండల మీద మనుషుల్ని చంపిన తరువాత సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లందరూ వెళ్లిపోవాలని ఉత్తర్వు. అతను గట్టిగా మాట్లాడలేదు. మంచినీళ్లడిగి తాగాడు, తల పైకెత్తకుండా కాగితం చదివాడు. సక్కుబాయి అప్పుడు ఇదే మెట్టు మీద ఉంది. మెహరున్నీసా కత్తిపీట వదలలేదు. మిగిలిన ఆరు కాయలూ కోసి, ఉప్పు కారం కలిపి, నూనె పోసి, చేతులు కడుక్కుని అప్పుడు లేచింది. రోజు విడిచి రోజు కలపమని, తడి గరిటె పెట్టవద్దని చెల్లెలికి చెప్పింది. ఆటో ఎక్కాక కూడా అదే చెప్పింది.

"కలిపినవా ఆపా?" అడిగింది సక్కుబాయి.

"కలిపిన. అక్కకు పంపుదామంటే డాక్ బంద్. చిట్టీ బంద్, పార్సల్ బంద్." ఖుర్షీద్ గొంతు తగ్గించింది. "ఫోన్ గూడ చేస్తలేను సక్కు. నెలైంది. గల్లీల ఒకాయన చెప్పిండు, ఉధర్ ఫోన్ చేస్తే వింటరంట, పేర్లు రాసుకుంటరంట. నా కొడుకు నౌకరీ ఉన్నది గదా."

"మామిడికాయ ముచ్చటకు పేర్లేం రాసుకుంటరు?"

"ఏమో, నాకేం తెలుసు. డర్ ఐతది." పైట సర్దుకుంటూ అడిగింది. "సోమవారం నీ పండగ గదా. నీ దేవిని ఒక్కటి పూఛో. రాస్తా ఎప్పుడు తెరుస్తరో."

సక్కుబాయి సాసరు కడిగి మెట్టు మీద బోర్లించింది. ఊరు ఊరంత అన్నాడు జగదీశ్వర్. ఆ ఊళ్లో నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకునే మనిషి ఒకతె ఉంది. ఇకమీద ఆ ఊరంటే సక్కుబాయికి గుర్తొచ్చేది ఆమే. నాలుగో గల్లీ ఆ రోజు ఆమె రెండుసార్లు ఊడ్చింది, కోపం తీరక.

శనివారం మధ్యాహ్నం భాగ్యశ్రీ పనిలోంచి రెండు గంటలు ముందే ఇంటికి వచ్చి, చున్నీ తీసి మంచం మీదికి విసిరింది. సక్కుబాయి కూతురు ఆమె. జగదీశ్వర్ దుకాణంలోనే ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంది.

"అమ్మా, నువ్వు ఆడ ఏం చెప్పినవో నాకు తెలుసు."

"ఏడ?"

"సోమవారం నాడు. గుడి ముందట. చెప్పినవు, జనం చప్పట్లు గూడ కొట్టిండ్రు." ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ఒక వైపు అమ్మవారు, ఒక వైపు చేతులు జోడించిన జగదీశ్వర్, వెనక విమానాలు. మధ్యలో, ‘రంగంలో అమ్మవారు పలికిన దివ్యవాక్కు’ అని, కింద ఆ నాలుగు వరుసలు. "నాతోనే చేయించిండు. పొద్దున ప్రింట్ గూడ అయింది. కమాను మీద చుట్టి కడ్తరంట. నువ్వు చెప్పంగనే తాడు గుంజుతరంట."

పలకని మాటకు అచ్చు వేయడం ఈ బస్తీలో ఇదే మొదలు. సక్కుబాయికి ముందు నవ్వొచ్చింది, తరువాత నవ్వినందుకు కోపమొచ్చింది. "నువ్వేమన్నవు?"

"రంగం గాకముందే ఎట్లేస్తరన్నా అని అడిగిన. సోమవారం ప్రింటర్ ఖాళీ ఉండదన్నడు."

అప్పుడే పక్కింటి సావిత్రి చేటలో బియ్యం పట్టుకుని వచ్చి గడప మీద చతికిలబడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు నందకిశోర్ సైన్యంలో ఉన్నాడు, సరిహద్దుకు దగ్గర్లో. మే నెలలో రావాల్సినవాడు, సెలవు రద్దయింది. ఆ నాలుగు రోజులూ సావిత్రి టీవీ ప్లగ్గు పీకేసి, కొడుకు ఫోన్ కోసం చేతిలో మొబైల్ పట్టుకునే వంట చేసింది.

"శనివారం ఒక్కపొద్దు గదా, సైంధవ లవణం కోసం పోతే లేదన్నడు సేటు," అంది బియ్యంలో రాళ్లు ఏరుతూ. "అది ఆడికెల్లి వస్తదంట సక్కూ. వాళ్ల గుట్టల్ల తవ్వుతరంట. ఇన్నేండ్లు మనం ఒక్కపొద్దులు వాళ్ల ఉప్పుతోటే ఉన్నమా?"

"ఉన్నట్టే గద వదినా."

"మా తమ్ముడు మొగులయ్య లేడా షార్జాల. వాళ్ల రూముల నలుగురు మనోళ్లు, ఇద్దరు సరిహద్దు అవుతలోళ్లు. ఆరేండ్ల సంది ఒక్క గిన్నెల వండుకున్నరు. మే నెలల లొల్లయితదేమోనని కంపెనీవాళ్లు రూములు వేరే చేసిండ్రంట. నాకు ఫోన్ చేసి ఏడ్చిండు. అన్నం మంచిగ వండెటోడు గా అవుతలోడేనంట."

ఎక్కడో కొండల మీద తుపాకులు పేలితే, ఉప్పు ఛత్రినాకలో ఆగిపోయింది, ఉత్తరం హుస్సేనీ ఆలంలో ఆగిపోయింది, అన్నం గిన్నె షార్జాలో రెండైంది. ఢిల్లీ నుంచి పోయే విమానాలు ఆకాశంలో గోడ కట్టినట్టు సముద్రం మీదుగా చుట్టు తిరుగుతున్నాయి. నదుల నీళ్ల ఒప్పందం కూడా ఆగిందని భాగ్యశ్రీ ఫోన్‌లో చదివి చెప్పింది. ఛాయ్ హోటళ్ల దగ్గర మాత్రం ఏదీ ఆగలేదు. అక్కడ రోజూ ఎవరో ఒకరు ఛాయ్ పూర్తయ్యేలోగా లాహోర్ దాకా వెళ్లి వస్తున్నారు.

సావిత్రి చేట పక్కన పెట్టింది. "జగదీశ్వర్ వచ్చిపోయిండు. సోమవారం రంగంల నాకు శాలువా కప్పుతడంట. వీరమాత అని పిలుస్తడంట." ఏరిన రాళ్లను గుప్పిట్లోంచి వాకిట్లోకి విసిరింది. "ఆ మాట ఎవలకంటరు సక్కూ? కొడుకు పోయినోళ్లకంటరు. నా కొడుకు నిన్న రాత్రి గూడ ఫోన్ల తిన్నవా అనడిగిండు. నాకెందుకా శాలువా?"

"వద్దనకపోయినవా?"

"అననిస్తడా? కుర్చీ గూడ ముందు వరసల ఏస్తడంట." భాగ్యశ్రీ ఫోన్‌లో ఇంకా కనిపిస్తున్న ఆ నాలుగు వరుసల వైపు చూసి సక్కుబాయి చేయి పట్టుకుంది. "నువ్వు కుండ మీద ఉన్నప్పుడు మళ్ల యుద్ధం అనకు. నీ కాల్మొక్కుత. వీళ్లు అరుస్తుంటే పోయేది వీళ్లు గాదు."

సక్కుబాయి మాట ఇవ్వలేదు. కుండ మీద చెప్పబోయేదానికి మాట ఇవ్వడం ఆమెకు చేతకాదు, అది ఎవరడిగినా సరే. సావిత్రి పక్కన పెట్టిన చేటను లాక్కుని తనూ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

ఆదివారం బోనమెత్తి, అమ్మకు సమర్పించి, జనం పలచబడ్డాక ఆమె వామన్‌రావు దగ్గరికి వెళ్లింది. నాలుగు తరాలుగా ఆ గుడిలో పూజ చేస్తున్న ఇంటివాడు. రంగంలో అమ్మను ప్రశ్నలడిగేది ఆయనే. వేపాకులు ఊడ్చి కుప్ప చేస్తున్న ఆయనకు ఆమె లామినేషన్ ముక్క చూపించింది. ఆయన అద్దాలు పెట్టుకుని చదివి, తీసేసి, పంచె కొసతో తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు సక్కుబాయీ. నన్ను యుద్ధం ప్రశ్న అడగమన్నడు. నేను అడగ, నువ్వే అడుక్కో అన్న."

"నన్నేం చెయ్యమంటరయ్యగారూ? చెప్పకపోతే వచ్చే ఏడు కుండ ఇంకొకామెకు పోతది. మా అవ్వ కాడికెల్లి వస్తున్నది."

వామన్‌రావు చుట్టూ చూశాడు. "చెప్పకపోవుడెందుకు? వేరేది చెప్పు. అమ్మ నోటితోనే చెప్పు. నా బిడ్డల నెత్తురు నాకొద్దు, యుద్ధమంటే మీ గడప తొక్కనని అను. అమ్మ మాటకు ఎదురు చెప్పే మొగోడు ఈ బస్తీల లేడు. జగదీశ్వరే చెంపలేసుకుంటడు. కుండ నీకే ఉంటది."

ఎంత సులువు. ఆ రాత్రి చాప మీద పడుకుని ఆమె ఆ మాటలే తిరగేసింది. ఖుర్షీద్ ఆపాకు మంచిది, సావిత్రికి మంచిది, తనకూ మంచిది. ఎవరికీ నష్టం లేదు. పొద్దున చన్నీళ్లు పోసుకునేటప్పటికి ఆమె దాదాపు ఒప్పేసుకుంది.

సోమవారం పదకొండు గంటలకు గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కమాను మీద చుట్టిపెట్టిన ఫ్లెక్సీ, దానికి వేలాడే తాడు, తాడు పట్టుకుని ఒక కుర్రవాడు. టీవీ కెమెరా ఒకటి కుర్చీ ఎక్కి ఉంది. ముందు వరుసలో సావిత్రి, ఒళ్లో మడతపెట్టిన శాలువా. కప్పడం అయిపోయింది, ఆమె వెంటనే తీసేసింది. పోతరాజు ఆట ఆగింది, డప్పులు ఆగాయి.

ముఖాన పసుపు, నుదుట పెద్ద బొట్టు, రెండు చేతుల్లో వేపమండలతో సక్కుబాయి కుండ మీద కాలు మోపింది. కుండ ఆగింది. పాదాలు చల్లబడ్డాయి.

"అమ్మా, నీ బోనాలు సంతోషంగ అందుకున్నవా?" వామన్‌రావు అడిగాడు.

"అందుకున్న. ఆడబిడ్డలు ఎత్తిన బోనం అందుకున్న. సాక నీళ్లు పొయ్యుడు మూడు గడపలు మరిచినయి. నేను మరువలే." గొంతు బొంగురుగా, ఎవరిదో లాగా వచ్చింది. జనం ఒక్కసారి దండం పెట్టారు.

"వానలెట్లుంటయి తల్లీ?"

"ఆలస్యం చేస్త. కానీ పంపుత. నాలాల మీద ఇండ్లు కట్టినోళ్లు నన్ను తిట్టొద్దు."

రోగాల గురించి అడిగాడు, పిల్లల గురించి అడిగాడు. మాటలు వాటంతట అవే వచ్చాయి. అప్పుడు జగదీశ్వర్ మైకు తన చేతిలోకి తీసుకున్నాడు.

"తల్లీ, పగోని సంగతేంది? యుద్ధం సంగతేంది? చెప్పు తల్లీ."

సక్కుబాయి ఎదురుచూసింది. మాట రాలేదు. పాదాల కింద చలి పోయింది. కుండ మెత్తటి మట్టిలాగా, వెచ్చగా తగిలింది. తాడు పట్టుకున్న కుర్రవాడు చేయి బిగించాడు. వామన్‌రావు ఆమె వైపు చూసి చిన్నగా తల ఊపాడు, చెప్పు అన్నట్టు. నాలుక మీద ఆయన మాటలు సిద్ధంగా ఉన్నాయి. మంచి మాటలు. కానీ ఆ నాలుగు వరుసలు జగదీశ్వర్‌వి అయినట్టే, ఇవి వామన్‌రావువి. చెడ్డ మాట పెడితే తప్పు, మంచి మాట పెడితే ఒప్పు అని ఎట్లా ఉంటుంది? మొగుడి ప్రాణం కోసం చేయని పని ఇప్పుడు చేస్తే, ఆ రోజు మింగిన మాటకు అర్థమేముంది?

ఆమె కుండ దిగింది.

హారతి కాకముందు ఎవరూ దిగరు. జనంలోంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. ఆమె వేపమండలు గద్దె మీద పెట్టి, ఇత్తడి చెంబులో నీళ్లు దోసిట్లోకి తీసుకుని ముఖం కడుక్కుంది. పసుపు మెడ మీదుగా జారి కమిటీ కొనిచ్చిన చీర మీద పడింది. కొంగుతో తుడుచుకుని జనం వైపు తిరిగింది.

"యుద్ధం ముచ్చట అమ్మ ఏం చెప్పలే," అంది, తన సొంత గొంతుతో. "ఇప్పుడు మాట్లాడేది అమ్మ గాదు. నేను. సక్కుబాయిని, గల్లీలు ఊడ్చేదాన్ని. తప్పైతే నన్ననుండ్రి, అమ్మను అనకుండ్రి."

జగదీశ్వర్ సైగ చేశాడు. మైకు ఆగిపోయింది. ఆమె పట్టించుకోలేదు, ఇరవై ఏళ్లుగా లారీల మోతలో మాట్లాడిన గొంతు అది.

"నాలుగు మాటలు రాసిచ్చి అమ్మ నోట్లె పెట్టుమన్నరు. గా చుట్టిన ఫ్లెక్సీల అవే ఉన్నయి, మొన్ననే అచ్చేసిండ్రు. నేను పెట్ట. వేరే మంచి మాటలు పెట్టుమన్నోళ్లు గూడ ఉన్నరు. అవి గూడ పెట్ట. నాకు చెప్పాలని ఉంటే నేనే చెప్త. కొండ మీద మన పిల్లలను చంపినోళ్లను పట్టుండ్రి, ఉరి తియ్యుండ్రి. నేనొచ్చి చూస్త. కానీ ఊరు ఊరంత బూడిద చేసుడు నాకొద్దు. గా ఊర్ల నాకు ఛాయ్ పోసిన ముసలామె ఉన్నది. పేరు చెప్ప. చెప్తే ఎవలకు ఏమైతదోనని భయపడే రోజులు తెచ్చిండ్రు. నాకు సిగ్గైతుంది."

"దేశద్రోహి మాటలు," వెనకనుంచి ఎవరో అన్నారు. "అమ్మను అవమానించింది," ఇంకొకరు. సక్కుబాయి కదలలేదు. జనంలోంచి భాగ్యశ్రీ తోసుకుంటూ వచ్చి తల్లి పక్కన నిలబడింది.

జగదీశ్వర్ మైకు మళ్లీ వేయించాడు. ముఖం ఎర్రబడింది గాని గొంతు తీయగానే ఉంది. "అక్కకు ఆరోగ్యం మంచిగలేదు. ఎవ్వరు ఫికర్ చెయ్యకుండ్రి. వచ్చే ఏడు రంగం వేరే ఆమె చెప్తది. కమిటీ తీర్మానం."

పందొమ్మిదేళ్లూ, తల్లీ, అవ్వా ఒక్క ముక్కలో పోయారు. సక్కుబాయి తడి కొంగును నడుముకు బిగించి దోపుకుంది. "తెచ్చుకో తమ్మీ," అంది. "ఆమెకు గూడ చీటీ రాసియ్యకు. అమ్మ ఏది పలికిస్తే అది పలకనియ్యి."

అప్పుడు ముందు వరుసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. సావిత్రి లేచింది. శాలువాను కుర్చీలోనే వదిలేసి వచ్చి, సక్కుబాయి ఎదురుగా నిలబడింది. ప్రతి ఏడూ రంగం అయ్యాక జనం ఒక్కొక్కరే వచ్చి కుండ ముందు తమ కష్టం అడుగుతారు. సావిత్రి కుండ వైపు చూడనైనా చూడలేదు.

"సక్కూ, నా పిల్లగాడు ఇంటికెప్పుడొస్తడు?"

పందొమ్మిదేళ్లలో ఎవరేమడిగినా సక్కుబాయి ఏదో ఒకటి చెప్పింది. ఇప్పుడు తల అడ్డంగా ఊపింది. "నాకు తెల్వదు వదినా. అమ్మ గూడ చెప్పలే. యుద్ధం మళ్ల కావాలె, మళ్ల కావాలె అనేటోళ్లకు తెలిసుంటది. అడుగుదాం పా."

సావిత్రి చేయి పట్టుకుని నాలుగడుగులు నడిచింది. జగదీశ్వర్ నిలబడ్డ కమిటీ వేదిక కింద ఇద్దరూ ఆగారు. సావిత్రి తల పైకెత్తి అడిగింది, గట్టిగా కూడా కాదు. "ఖడ్గం సరిహద్దు దాటాలని రాసినవట గద అన్నా. దాన్ని ఎవల కొడుకు చేతుల పెట్టి దాటిస్తవు?"

"తల్లీ, నువ్వు వీరమాతవు..."

"నా కొడుకు బతికే ఉన్నడు. అడిగినదానికి చెప్పు."

జగదీశ్వర్ డప్పుల వైపు చేయి ఊపాడు, కొట్టమని. డప్పులవాళ్లు అలవాటుగా వామన్‌రావు వైపు చూశారు, హారతి వెలిగితేనే వాళ్ల దరువు మొదలవుతుంది. ముసలాయన పళ్లెంలో కర్పూరం పెట్టుకుని, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి సక్కుబాయి కడిగిన ముఖం వైపు చూశాడు. అగ్గిపెట్టెను మళ్లీ బొడ్లో దోపుకున్నాడు.

"హారతికి తొందరేం లేదు," అన్నాడు. "ఆ తల్లి అడుగుతుంది. చెప్పు నాయనా."

తాడు పట్టుకున్న కుర్రవాడు ఏం చేయాలో తెలియక తాడు వదిలేశాడు, ఫ్లెక్సీ చుట్టినది చుట్టినట్టే ఉండిపోయింది. జగదీశ్వర్ మైకు నోటి దగ్గర పెట్టుకుని, జనం వైపు చూశాడు. వెనక వరుసల్లో ఆడవాళ్లు వినబడదేమోనని ఒక్కొక్క అడుగు ముందుకు జరిగి, అతను ఏం చెబుతాడా అని నిలబడ్డారు.